మూత వేయని బోరు

(మన సంఘం ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగము)



పదిహేను రోజుల క్రిందట కార్యదర్శిగారు ఆఫీసులో నా బల్ల దగ్గరకు వచ్చి, "ఈసారి సభలో మీరు నాలుగు మాటలు చెప్పాలి" అన్నారు. నేను మెట్రిక్ ప్యాసైనవాణ్ణి. పట్టాల మీద ట్రాక్‌మన్‌గా చేరి, డిపార్టుమెంటు పరీక్ష వ్రాసి గుమాస్తానైనవాణ్ణి. సాహిత్యం మీద మాట్లాడే యోగ్యత నాకు లేదు. ఆ మాటే చెబితే ఆయన నవ్వి, "మీ ఇంట్లో పాప నడక నేర్చింది గదా, దాన్ని గురించే చెప్పండి" అన్నారు. ఆయన వేళాకోళానికి అన్నారేమో తెలియదు. నేను మాత్రం నిజంగా దాన్ని గురించే చెప్పదలచాను. మా పాపను గురించి, మా ఊరి బోరును గురించి, నేను చేసిన ఒక తప్పును గురించి.

మీలో చాలామంది తాతముత్తాతలు బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి ఈ ఖరగ్‌పూర్ వచ్చినవారు. నాది వేరే దిక్కు. కర్ణాటక రాష్ట్రం, తుమకూరు జిల్లా, పావగడ తాలూకా, నిడుగల్లు. పటం తీసి చూస్తే పావగడకు దాదాపు అన్ని వైపులా ఆంధ్రదేశమే వుంటుంది. మధ్యలో మేము కర్ణాటకలో వుంటాము. మాకు బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, సంతలో రెండూను. అంటే నేను పుట్టిన ఊళ్ళోనే ఒకసారి ప్రవాసాంధ్రుణ్ణి, ఇక్కడికి వచ్చి రెండోసారి ప్రవాసాంధ్రుణ్ణి అయ్యాను. మీరు వేరుశెనక్కాయ అంటే మేము చెనక్కాయ అంటాము. మీ పిల్లలు మామ్మ అంటే మా పిల్లలు అవ్వ అంటారు. ఇక్కడ చేరిన కొత్తలో నా మాటకు మీరంతా నవ్వేవారు. ఇప్పుడు మా పాప రెండు రకాలూ కలిపి మాట్లాడుతూ వుంటే నేనే నవ్వుతున్నాను.

మా ఊరి కొండ మీద పాత కోట వున్నది. పన్నెండు, పదమూడు శతాబ్దాలలో నిడుగల్లు చోళులనే వంశంవారు ఆ కొండను దుర్గంగా చేసుకొని ఏలారు. కోట కట్టినవాళ్ళ భయమంతా బయటినుండి వచ్చే శత్రువును గురించి. ఈ మాట కాస్త జ్ఞాపకం వుంచుకోండి. తర్వాత దీనితో పని వున్నది.

ఇక పాప సంగతి. పుట్టిన ఆరు నెలలదాకా పిల్లలంత సులువైన వాళ్ళు లేరు. పడుకోబెట్టిన చోటే వుంటారు. బోర్లా పడ్డ రోజున బొబ్బట్లు పంచుకుంటాము. దోగాడిన రోజునుండి మాత్రం ఇల్లు మనది కాదు. మా క్వార్టరు రెండు గదులే గాని, పాప దోగాడడం మొదలైన తర్వాత అది మార్షలింగు యార్డంత పెద్దదిగా కనిపించింది. ఏ మూలనుండి ఏ వస్తువు నోట్లోకి పోతుందో చెప్పలేము.

ఒకనాడు నేను ఆఫీసునుండి రాగానే మా ఇంటామె, "చొక్కా తరువాత విప్పుదువు గాని, ముందు నేల మీద బోర్లా పడుకో" అన్నది. నాకు అర్థం కాలేదు. "పడుకొని చూడు, పాపకు ఏమేమి కనబడుతున్నాయో" అన్నది. పడుకున్నాను. నిలబడి పదేండ్లు చూసిన ఇల్లు వేరు, అడుగు ఎత్తునుండి చూసిన ఇల్లు వేరు. ముక్కుకు ఎదురుగా కరెంటు ప్లగ్గు బొక్కలు. మంచం క్రింద దోమల మందు సీసా. బల్ల అంచునుండి వేలాడుతున్న ఛార్జరు తీగ. అలమార క్రింద ఎప్పుడో పడిపోయిన రిమోటు బిళ్ళ, అదే గుండీలాంటి చిన్న బ్యాటరీ. ఈ బ్యాటరీని గురించి ఒక మాట చెప్పాలి. పిల్లలు మింగినప్పుడు అది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపలి కండను కాల్చివేయగలదు. అరటిపండు పెడితే జారిపోతుందని కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఆ సాయంకాలం మేమిద్దరమూ ప్లగ్గులకు మూతలు వేశాము. మందు సీసా అటకెక్కింది. స్నానాల గదిలో నీళ్ళు పట్టి వుంచే అలవాటు మనందరికీ వున్నది గదా, ఆ బకెట్లను రాత్రిపూట ఖాళీచేసి బోర్లించడం మొదలుపెట్టాము. పసిపిల్లల తల బరువు. బకెట్లోకి తొంగిచూసి తలక్రిందులైతే తిరిగి లేవలేరు. జానెడు నీళ్ళు చాలు, చప్పుడు కూడా కాదు.

ఇంత చేశామే గాని, నిజం చెప్పాలంటే మా మనసులోని భయం వీటి మీద లేదు. మా భయం బయటివాళ్ళ మీద వున్నది. ఆ రోజుల్లో ఫోనులో ఒక వీడియో తిరిగింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని, ఆడవాళ్ళ వేషంలో, సాధువుల వేషంలో తిరుగుతున్నారని దానిలో చెప్పారు. ఎవరు పంపారో తెలియదు, ఎక్కడ తీశారో తెలియదు. మా ఇంటామె తలుపు గొళ్ళెం తీయడం మానింది. నేను కూడా దాన్ని నలుగురికి పంపాను. "మంచికే గదా, నిజమైతే జాగ్రత్తపడతారు" అనుకున్నాను.

ఇటువంటి వదంతులు ఏమి చేస్తాయో నాకు తెలియక కాదు. 2018లో దేశంలో పలుచోట్ల ఇలాంటి వీడియోలను నమ్మి జనం అమాయకులను కొట్టి చంపారు. ఆ సంవత్సరం జూలైలో మా కర్ణాటకలోనే బీదరు జిల్లా ముర్కి దగ్గర, కారులో వెళ్ళే కొందరు పిల్లలకు చాక్లెట్లు ఇచ్చినందుకు, ఎత్తుకుపోయేవాళ్ళని వెంటబడి కొట్టారు. హైదరాబాదుకు చెందిన ఒక ఇంజనీరు ప్రాణం పోయింది. ఈ వార్త నేను అప్పట్లో చదివాను, అయ్యో అనుకున్నాను. అయినా ఆ వీడియో వచ్చిన రోజున నా వేలు ఆగలేదు. భయం చదువును మరిపిస్తుంది.

పోయిన దీపావళికి ముందు సెలవు పెట్టి ఊరికి వెళ్ళాము. పాపకు అప్పటికి పదిహేను నెలలు. బెంగుళూరు దాకా ముప్పై గంటలకు పైగా రైలు, అక్కడినుండి పావగడకు బస్సు. రైల్లో నేను పాపను తలుపు దగ్గరకు పోనివ్వలేదు, కిటికీ చట్రం మీద వేళ్ళు పెట్టనివ్వలేదు. ఎదురు బెర్తులో కూర్చున్న ముసలాయన బిస్కత్తు ఇస్తే పుచ్చుకోనివ్వలేదు. ఆయన ముఖం చిన్నబోయింది. అది కూడా ఆ వీడియో పుణ్యమే.

ఇంటికి చేరిన మరునాడే రెండు తగవులు వచ్చాయి. మొదటిది చెనక్కాయల తగవు. మాది చెనక్కాయ పండే సీమ. కోత కాలం, ఇంటినిండా కాయలే. మా అమ్మ మనవరాలి చేతిలో నాలుగు గింజలు పెట్టింది. మా ఇంటామె లాక్కున్నది. "మేమంతా తిని పెరగలేదా?" అని మా అమ్మ కోపం. ఇద్దరి మాటా నిజమే గాని, మెదడుకు ఎక్కవలసినది మా ఇంటామె మాట. దవడపండ్లు సరిగా రాని పిల్ల గింజను నమలలేదు. నవ్వినప్పుడో ఏడ్చినప్పుడో ఆ గింజ గాలిగొట్టంలోకి పోతుంది. మన దేశంలో పసిపిల్లల ఊపిరితిత్తులనుండి డాక్టర్లు బయటికి తీసే వస్తువులలో వేరుశెనగ గింజ ముఖ్యమైనది. దంచి పొడిచేసి అన్నంలో కలిపి పెడితే బలం, గింజగా పెడితే గండం. చివరకు మా అమ్మే రోలు ముందు కూర్చుని దంచింది.

రెండోది నీళ్ళ తగవు. మా తాలూకా బోరునీళ్ళలో ఫ్లోరైడు అనే లవణం ఎక్కువ. తెలుగువారికి ఇది కొత్త కథ కాదు. మన దేశంలో నీళ్ళలోని ఫ్లోరైడువల్ల ఎముకలు వంకరపోయే జబ్బును మొట్టమొదట 1937లో గుర్తించినది ఇప్పటి ప్రకాశం జిల్లా ప్రాంతంలోనే. ఆ తర్వాత నల్లగొండ పేరు అందరికీ తెలిసింది. తాగే నీళ్ళలో లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఫరవాలేదని, వేరే నీళ్ళు దొరకనప్పుడు ఒకటిన్నర దాటకూడదని మన దేశపు ప్రమాణం. మా అమ్మ, "నీళ్ళు కాచే పోస్తున్నాము గదా నాయనా" అన్నది. పాపం, ఆమె మంచికే చేసింది. కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. నీళ్ళు ఆవిరై తగ్గినకొద్దీ మిగిలినదానిలో దాని పాలు పెరుగుతుంది. రాబోయే పండ్లకు పైపూత ఏర్పడేది పసితనంలోనే గనుక పెద్దల కంటె పిల్లలకు అది ఎక్కువ చేటు. శుద్ధిచేసిన నీళ్ళ క్యాను తెప్పించి పాప బువ్వకూ, పాలకూ అదే వాడాము.

ఈ రెండు తగవులలోనూ గెలిచానని నాకు లోలోపల గర్వం వుండేది. పట్నంలో వుండి నాలుగు విషయాలు తెలుసుకున్నాననీ, పల్లెవాళ్ళకు తెలియదనీ అనుకున్నాను. నాలుగో రోజున ఆ గర్వం దిగిపోయింది.

మాకు నాలుగెకరాల చేను వున్నది. ఆ రోజు చెనక్కాయ చెట్లు పీకి కాయలు తెంపుతున్నారు. అందరమూ చేనికి పోయాము. కానుగ చెట్టు నీడలో దుప్పటి పరచి పాపను కూర్చోబెట్టి, మా ఇంటామె ప్రక్కనే కాయలు తెంపుతున్నది. నేను కాస్త దూరంలో మూటలు కడుతున్నాను. "పాపను చూస్తుండు" అని ఆమె నాతో అన్నది. "చూస్తున్నా" అని నేను అన్నాను. మూట తాడు బిగించి తల ఎత్తేసరికి దుప్పటి మీద పాప లేదు.

అటుచూస్తే చేను గట్టుమీద ఒక ఆడమనిషి. తలమీద గంప, భుజాన సంచి, ఊరూరా తిరిగి పిన్నులు, సూదులు, గాజులు అమ్ముకొనే మనిషి. ఆమె చంకలో మా పాప. నా కళ్ళకు వీడియో తప్ప మరేమీ కనబడలేదు. "దొంగ, దొంగ, పిల్లను ఎత్తుకుపోతోంది" అని అరచి పరుగెత్తాను. పాపను లాక్కుని ఆమె చెయ్యి విరిచి పట్టుకున్నాను. గంప క్రిందపడి గాజులు పగిలాయి. కాయలు తెంపే కూలివాళ్ళు పరుగున వచ్చారు. ఒకడి చేతిలో కర్ర కూడా వున్నది.

ఆమె ఏడవలేదు, పారిపోనూ లేదు. "సామీ, నేను పాపను ఎత్తకపోలేదు. అదో, ఆ బొక్క తట్టు చూడు సామీ" అన్నది.

చూశాను. గట్టుకు నాలుగు మూరల దూరంలో కుళ్ళిపోయిన గోనెసంచి ఒకటి, పక్కకు జరిగిపోయిన ముళ్ళకంప ఒకటి. ఆ రెండింటి మధ్య నల్లగా, గుండ్రంగా నేలలో నోరు. దాని అంచున మా పాప కాలి వెండి మువ్వ ఒకటి ఊడిపడి వున్నది.

అందరూ నిలబడిపోయారు. కర్ర పట్టుకున్నవాడు కర్ర దించాడు. మా నాయన అక్కడే కూలబడ్డాడు.

అది మా బోరే. మూడు సంవత్సరాలలో మేము మూడు బోర్లు వేయించాము. ఏడువందల అడుగులు పోయినా చుక్క పడలేదు. నాలుగోది వేయించడానికి డబ్బు కావాలని మా నాయన ఫోను చేసినప్పుడు, నేను అప్పు తీసి పంపుతూ గుమాస్తా బుద్ధి చూపించాను. "కొత్త పైపులు ఎందుకు నాయనా, ఆ ఎండిన బోరులోవి పీకి వాడుకోండి" అన్నాను. మా నాయన నా మాటే చేశాడు. పీకిన తర్వాత పైన గోనెసంచి పరచి, కంప వేసి, రాయి పెట్టాడు. గోనె వానకు కుళ్ళింది, మేకలు కంపను లాగాయి, రాయి జారింది.

బోరు తొలిచే పద్ధతి తెలియని వారి కోసం రెండు మాటలు. పైన మెత్తమట్టి వున్నంత లోతు వెడల్పుగా తొలిచి, మట్టి కూలకుండా కేసింగు పైపు దించుతారు. గట్టిరాయి తగిలిన తర్వాత పైపుతో పని లేదు, ఆరున్నర అంగుళాల బొక్క మాత్రం క్రిందికి పోతుంది. నీళ్ళు పడకపోతే రైతు పైపు పీకుతాడు, ఎందుకంటే ఆ బోరులో అమ్ముకోదగినది అదొక్కటే. పైపు పీకిన నాటినుండి మట్టి అంచులు వానకూ, పశువుల గిట్టలకూ విరిగి లోపల పడి, నోరు నెలనెలకూ పెద్దదవుతుంది. రైతు చెడ్డవాడై దాన్ని తెరిచి వుంచడు. అప్పటికే మూడు బోర్ల అప్పు మీదవుంటుంది. నీళ్ళు రాని గుంతకు మళ్ళీ ఖర్చుపెట్టడానికి చేతులు రావు.

ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. నాకు మా నాయన మీద కోపం వచ్చింది. "ఒక బండ అయినా పెట్టలేకపోయినావా?" అని అరిచాను. ఆయన చాలాసేపటికి, "నువ్వే గదరా పీకమంటివి. మూయమని నువ్వూ చెప్పలేదు, నాకూ తోచలేదు. దినామూ ఆ గట్టుమీదనే పోతాంటి, అలవాటైపోయింది" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. పదిహేను నెలలనుండి బయటివాళ్ళకు భయపడి తలుపు గొళ్ళెం పెట్టుకున్నాము. గండమేమో నేను పంపిన డబ్బుతో, నేను చెప్పిన సలహాతో, మా చేనిలోనే నోరు తెరుచుకొని వున్నది. కోట కట్టినవాళ్ళ సంగతి ఇందుకే చెప్పాను. శత్రువు బయటే వుంటాడనుకునే అలవాటు రాజులది మాత్రమే కాదు.

ఆ మనిషిని గురించి మీరు అడుగుతారని తెలుసు. ఆమెకు నేను చేతులెత్తి దండం పెట్టాను. పగిలిన గాజులకు డబ్బిచ్చాను. గాజుల వెలకు మించి ఒక్క రూపాయి పుచ్చుకోలేదు. మా అమ్మ ఆమె ఒడినిండా చెనక్కాయలు పోసి, అన్నం తినిపించి పంపింది. "మాకూ బిడ్డలు వుండారు సామీ" అన్నది, అంతే. ఆమె మాట వినకముందే ఆ కర్ర లేచివుంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు నిద్రపట్టదు. ఇక్కడికి తిరిగివచ్చి, ఆ వీడియో పంపిన నలుగురికీ ఫోను చేసి, అది అబద్ధమని చెప్పాను.

మా పాపకు అదృష్టం కలిసివచ్చింది. అందరికీ అలా జరగదు. 2006లో హర్యానాలోని హల్దాహేరీలో ఐదేండ్ల పిల్లవాడు బోరులో పడి దాదాపు 50 గంటల తర్వాత బయటపడ్డాడు. దేశమంతా టీవీల ముందు కూర్చున్నది. మన తెలుగునాట 2017 జూన్‌లో చేవెళ్ళ దగ్గర ఏడాదిన్నర పాప బోరులో పడింది. రెండు రోజులకు పైగా ఎంత ప్రయత్నించినా దక్కలేదు. అదే సంవత్సరం ఆగస్టులో వినుకొండ దగ్గర ఉమ్మడివరంలో రెండేండ్ల బాబును ప్రక్కనే గొయ్యి తవ్వి ప్రాణాలతో తీశారు. 2024 ఏప్రిల్‌లో విజయపుర జిల్లా లచ్యాణలో ఇంకొక పసివాణ్ణి దాదాపు 20 గంటలు శ్రమించి కాపాడారు. బొక్కలోకి గాలి పంపుతూ, కెమెరా దించి చూస్తూ, ప్రక్కన యంత్రాలతో మరో గొయ్యి తవ్వి, అడ్డంగా సొరంగం వేసి బిడ్డను చేరుకోవాలి. ఆ యంత్రాలకు, ఆ మనుషులకు అయ్యే ఖర్చు ఎంతో ఊహించండి. ఒక మూత వెల ఎంతో కూడా ఊహించండి.

దీనికి చట్టం లేదా అంటే వున్నది. 2010లో సుప్రీంకోర్టు వివరంగా ఆదేశాలు ఇచ్చింది. బోరు వేయడానికి 15 రోజుల ముందు అధికారులకు వ్రాతమూలకంగా తెలియజేయాలి. తవ్వే చోట కంచె, బోర్డు వుండాలి. కేసింగు చుట్టూ సిమెంటు దిమ్మె కట్టాలి. పైపు నోటికి ఇనుప మూత వెల్డింగు చేయాలి, లేదా బోల్టులతో బిగించాలి. వదిలేసిన బోరును అడుగునుండి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్ళతో పూడ్చాలి. కర్ణాటకలో 2024లో, విఫలమైన బోరును మూయకుండా వదిలేసినవారికి శిక్ష పడేటట్లు భూగర్భజలాల చట్టాన్ని సవరించారు. ఇవన్నీ నాకు ఆ సంఘటన తర్వాత తెలిసినవే. ముందు తెలుసుకోలేదు, తెలుసుకోవాలని తోచలేదు.

మరునాడు పొద్దున్నే నేనూ మా నాయనా పూడ్చడానికి పూనుకున్నాము. గుమాస్తాను గనుక లెక్క వేశాను. ఆరున్నర అంగుళాల బొక్క ఏడువందల అడుగులైనా, మొత్తం చూస్తే రెండు ట్రాక్టరు ట్రాలీల కంకర, మట్టి చాలు. పెద్ద రాళ్ళు ఒక్కసారిగా వేస్తే మధ్యలో ఇరుక్కుని క్రింద బోలుగా మిగిలిపోతుంది, పైనుండి పూడినట్టు కనబడి తర్వాత కుంగుతుంది. అందుకని సన్న కంకర కొద్దికొద్దిగా వేశాము. రెండు రోజులు పట్టింది. మిగిలిన రెండు ఎండు బోర్లకు పైపులు వున్నాయి గనుక ఇనుప మూతలు వెల్డింగు చేయించాము. మొత్తం ఖర్చు ఆ పీకిన పైపుల వెలలో నాలుగో వంతు కూడా కాలేదు. అంతకోసమా నేను నా బిడ్డను పందెం ఒడ్డాను!

ఇప్పుడు మన రైల్వే మాట ఒకటి చెప్పి ముగిస్తాను. నేను ట్రాక్‌మన్‌గా వున్న రోజుల్లో నేర్చుకున్న పాఠం ఇది. మన గేట్లలో చాలావాటికి సిగ్నలుతో లంకె వుంటుంది. గేటు పడి తాళం బిగియనిదే సిగ్నలు రాదు. గేటుమన్ మంచివాడా, నిద్రమత్తులో వున్నాడా అన్న ప్రశ్న లేకుండా ఆ ఏర్పాటు చేశారు. మనిషి మరచిపోతాడని ముందే ఒప్పుకొని కట్టిన ఏర్పాటు అది. కాపలాలేని గేట్ల దగ్గర మాత్రం పూర్వం అంతా మనిషి జాగ్రత్త మీదే వదిలేశారు. ఆగి, చూసి, విని దాటమని బోర్డు పెట్టారు. 2014 జూలైలో మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర అటువంటి గేటులోనే బడి బస్సును రైలు గుద్ది ఎందరో పసిపిల్లలు పోయారు. ఆ బిడ్డలను తలచుకుంటే రైల్వేవాళ్ళమైన మనకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. 2019 జనవరి నాటికి దేశంలో బ్రాడ్‌గేజి మార్గాల మీద కాపలాలేని గేట్లన్నిటినీ తీసివేశారు. బోర్డు చేయలేని పనిని గేటు చేసింది.

ఇంటి సంగతీ ఇంతే. "చూస్తున్నా" అని నేను అన్నాను గదా, అబద్ధం చెప్పలేదు. నిజంగానే చూస్తున్నాను. తాడు బిగించినంతసేపు చూడలేదు, అంతే. ఏ తల్లీ, ఏ తండ్రీ రోజుకు ఇరవైనాలుగు గంటలు రెప్పవేయకుండా చూడలేరు. అందుకని తల్లిని "నువ్వు చూసుకోలేదు" అని నిందించడం సులువు, తప్పు కూడాను. జాగ్రత్త అంటే కాపలా ఒక్కటే కాదు, మూత వేయడం. మనం రెప్పవేసినా బిడ్డకు ఏమీ కాకుండా ముందే చేసిపెట్టుకోవడం. మరొక మాట. మన భయం ఎప్పుడూ ఒక మనిషి ముఖాన్ని వెతుక్కుంటుంది. సాధారణంగా గండానికి ముఖం వుండదు. అది బకెట్టు, గింజ, బ్యాటరీ, గుంత. దినామూ చూసి చూసి మనకు కనబడకుండా పోయిన వస్తువు.

కాబట్టి మన సంఘానికి నాదొక మనవి. మనం వుండే వీధుల్లో మూతలేని మురుగు గుంతలు వున్నాయి, విరిగిన నీళ్ళ తొట్టి మూతలు వున్నాయి, వేలాడే కరెంటు తీగలు వున్నాయి. "ఎవరో చూస్తారులే" అని అందరమూ దాటిపోతున్నాము. ఒక ఆదివారం వీధికి ఇద్దరుచొప్పున బయలుదేరి, పిల్లల ఎత్తునుండి వీధిని చూద్దాము. కనబడిన ప్రతి గుంతను, ఎక్కడ వున్నది, ఎంత వెడల్పు, ఏ తేదీన చూశాము అని కాగితం మీద వ్రాద్దాము. ఆ కాగితాన్ని సంబంధించిన కార్యాలయంలో ఇచ్చి, అందినట్టు సంతకం పుచ్చుకుందాము. నోటిమాటకు జవాబుదారీ లేదు, నంబరు పడిన కాగితానికి వున్నది. నన్ను నమ్మండి, కాగితాల మధ్యనే నా బ్రతుకు. వాళ్ళు వచ్చేలోగా మనమే ఒక బండ పెడదాము.

సెలవులకు స్వగ్రామాలకు వెళ్ళేవారికి ఇంకొక మనవి. అవ్వతాతలను పలకరించిన తర్వాత ఒకసారి చేనుదాకా నడచి రండి. బోరుకు డబ్బు పంపేవారు దాని మూతకు కూడా కలిపి పంపండి. ఎక్కడైనా బిడ్డకు ఆపద కనబడితే 112కు ఫోను చేయండి. పిల్లల సహాయం కోసం 1098 వున్నది. అనుమానం వచ్చిన మనిషిని కూడా పోలీసులకే చెప్పండి, మనం చెయ్యి ఎత్తవద్దు.

మొన్న మా నాయన ఫోను చేశాడు. చుట్టుపక్కల చేలల్లో తిరిగి, పక్కింటి వాళ్ళతో, దాయాదులతో మాట్లాడి, ఇంతవరకు ఆరు ఎండు బోర్లు మూయించాడట. "ఇంకా రెండు వుండాయిరా, ఉగాది పోతానే చేస్తాము" అన్నాడు. మా ఇద్దరి మధ్య ఆ రాత్రి అడ్డుపడిన మాట ఇప్పుడు లేదు. పాప ఫోనులో తాతకు మువ్వ చప్పుడు వినిపించింది. ఊడిన మువ్వను మా ఇంటామె మళ్ళీ కట్టించింది.

ఈ పూట పంచాంగ శ్రవణంలో ఏ రాశికి ఏ గండాలు వున్నాయో విన్నాము. వినవలసినదే. అయితే నేలమీద వుండే గండాలకు మన చేతిలోనే శాంతి వున్నది. వచ్చే ఆదివారం ఉదయం ఏడు గంటలకు మా వీధి మొగలో నేను కాగితం, పెన్సిలు పుచ్చుకుని వుంటాను. రాగలిగినవారు రండి. పిల్లల్ని కూడా తీసుకురండి. వాళ్ళ ఎత్తునుండి వాళ్ళే బాగా చూడగలరు.